బోర్డు లేని ఇళ్ల బేరం

జూబ్లీహిల్స్‌లో ఏ రోడ్డులోనైనా ఒక పూటంతా తిరగండి. టు-లెట్ బోర్డులు నాలుగైదు కనపడతాయేమో గానీ, 'ఇల్లు అమ్మబడును' అన్న బోర్డు కనపడదు. అలాగని అమ్మకాలు లేవనుకోకండి. ఇది రాస్తున్న రోజున నా డైరీలో అమ్మకానికి ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. వాటిలో సగం ఇళ్ల సంగతి పక్కింటివాళ్లకు తెలీదు. ఒకటి రెండిటి సంగతి ఆ ఇంటి కోడళ్లకే ఇంకా తెలీదు.

ఎందుకింత గుట్టంటే, ఇక్కడ ఇల్లంటే పరపతి. ఫలానా ఆయన ఇల్లు బేరానికి పెట్టాడట అని పొక్కిందా, మర్నాటికల్లా బ్యాంకు మేనేజరు ఫోన్ చేస్తాడు, అప్పులిచ్చినవాళ్లు గుమ్మంలో ఉంటారు, సంబంధం మాట్లాడుకుంటున్న వియ్యాలవారు చప్పబడిపోతారు. సినిమావాళ్లయితే సరేసరి, పొద్దుగూకేలోపు యూట్యూబ్‌లో వీడియో వచ్చేస్తుంది. అందుకే ఈ కొండల మీద మా ఇళ్ల బ్రోకర్ల వృత్తికి మొదటి అర్హత ఇల్లు బాగా చూపించడం కాదు, విన్నది కడుపులో దాచుకోవడం. రెండో అర్హత కాగితం చదవడం. కారు, సూటు, ఇంగ్లిషు అన్నీ ఆ తర్వాతే.

నాది నందిగామ. పెళ్లయ్యాక యూసుఫ్‌గూడ వచ్చాం. పిల్లాణ్ని బడిలో వేశాక, రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన డాక్యుమెంట్ రైటర్ దగ్గర దస్తావేజులు టైపు చేసే పనిలో చేరాను. 'తూర్పున నలభై అడుగుల రోడ్డు, పడమర ఫలానా నంబరు ప్లాటు' అంటూ రోజూ హద్దులు కొట్టీ కొట్టీ, ఏ ప్లాటు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో నాకు తెలీకుండానే బుర్రకెక్కింది. అక్కణ్నుంచి అద్దె ఇళ్లు చూపించడం, ఆపైన అమ్మకాలు. ఇప్పుడు ఇక్కడే వెంకటగిరిలో ఒక చిన్న ఆఫీసు, అందులో నేనూ ఒక కుర్రాడూ, గోడకు రెరా సర్టిఫికెట్. ఆడమనిషిని కావడం ఈ పనిలో కలిసొచ్చిందనే అంటాను. మగ బ్రోకర్లను హాల్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించే ఇళ్లలో, నాకు వంటింటి దాకా దారి దొరుకుతుంది. ఇల్లు అమ్మాలా వద్దా అనేది హాల్లో తేలే విషయం కాదు.

ఈ కొండలు మొదట్నుంచీ ఇలా లేవు. బంజారా తండాలుండే గుట్టలివి. 1930ల్లో నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి బండల మధ్య బంజారా భవన్ కట్టుకున్నారు. బంజారాహిల్స్‌కు అదే నాంది. 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరైంది ఆయనే, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఉన్న పేరూ ఆయనదే. జూబ్లీహిల్స్ ఇంకా తర్వాతి ముచ్చట. ఐఏఎస్ అధికారి చల్లగళ్ల నరసింహారెడ్డి పూనుకోగా 1960ల్లో హౌసింగ్ సొసైటీ ఏర్పడి, రాళ్లూ తుప్పలూ తప్ప మరేమీ లేనిచోట ప్లాట్లు వేసింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టినప్పటికి కూడా ఇటంతా అడవి కిందే లెక్క. 'మా నాన్నకు ఇక్కడ ప్లాటు ఇస్తామంటే ఊరికి దూరమని వద్దన్నాడమ్మా' అనే కథ చెప్పని పార్టీని నేనింతవరకూ చూడలేదు. నిజంగా అంతమందికి ప్లాట్లు ఇవ్వజూపి ఉంటే గోల్కొండ దాకా చాలేవి కావు.

కొత్తగా వచ్చినవాళ్లను ముందు తికమక పెట్టేవి రోడ్డు నంబర్లు. అవి వరసలో ఉండవు. 36 మీద పోతుంటే 45 తగులుతుంది. రోడ్ నంబర్ 10 బంజారాహిల్స్‌లో ఒకటుంది, జూబ్లీహిల్స్‌లో ఇంకొకటుంది. అందుకే మేం నంబరు కంటే గుర్తులే చెప్పుకుంటాం: పెద్దమ్మ గుడి వెనకాల, అపోలో దిగువన, కేబీఆర్ పార్కు గేటుకు ఎదురు సందు. ధర కూడా నంబరును బట్టి ఉండదు. ఒకే రోడ్డులో ఈ చివర గజం ఒక ధర పలికితే, ఆ చివర లక్ష తక్కువ పలకొచ్చు. పార్కు పచ్చదనం బాల్కనీలోంచి కనపడితే పెరుగుతుంది, మహాప్రస్థానం శ్మశానం గోడ కనపడితే తగ్గుతుంది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచాక రోడ్ నంబర్ 45 రాతే మారిపోయింది. కాపురాలున్న ఇళ్లు హోటళ్లయ్యాయి. రోడ్డు మీద ఉన్నవాళ్లకు అద్దెలు పెరిగాయి, వాళ్ల వెనక ఇళ్లవాళ్లకు రాత్రి నిద్ర పోయింది. వెనక ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లను నేను శనివారం రాత్రి పదకొండింటికి ఒకసారి వచ్చి చూసుకోమంటాను. ఆ మాట చెప్పే ఏజెంటు చెడ్డ ఏజెంటని యజమానులు అనుకుంటారు. అనుకోనీ.

బోర్డు లేనప్పుడు ఇల్లు అమ్మకానికుందని మాకెలా తెలుస్తుంది? వాచ్‌మన్ చెబుతాడు, ఇస్త్రీ బండి అతను చెబుతాడు, డ్రైవర్ చెబుతాడు. 'అక్కా, మా సారు వాళ్లు బిడ్డ కాడికి అమెరికా పోతున్నరట, ఈపాలి సామాన్లు గూడ సర్దుతున్నరు' అని ఒక ఫోనొస్తుంది. అంతే. అలాంటి కబురు విన్న రోజే వెళ్లి తలుపు కొట్టేవాళ్లున్నారు, నేను కొట్టను. ఆ ఇంటి ఆడిటరో, లాయరో, లేదంటే ఆ ఇంటావిడ నడకకొచ్చే పార్కులో కలిసే స్నేహితురాలో, ఎవరో ఒకరి ద్వారా పలకరింపు పంపి ఊరుకుంటాను. ఆర్నెల్ల తర్వాత పిలుపొస్తుంది. ఒక్కోసారి రాదు. ఈ పనిలో ఓపిక లేనివాళ్లు కొంపల్లి వైపు ప్లాట్లు అమ్ముకోవడం మేలు, అక్కడ నెల తిరిగేసరికి కమీషన్ చేతికొస్తుంది.

పిలుపొచ్చాక నా మొదటి ప్రశ్న ధర గురించి ఉండదు. 'ఒరిజినల్స్ ఎక్కడున్నాయండీ?' అని అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబు ఎంతసేపట్లో వస్తుందనే దాన్ని బట్టి సగం కథ తెలిసిపోతుంది. 'లాకర్లో ఉన్నాయి, రేపు తెస్తాను' అంటే సరే. 'అదీ... మా బావమరిది దగ్గర ఉండాలి' అన్నారంటే ఆ బావమరిదికి అప్పుందన్నమాట.

మామూలు కొనుగోలుదారు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, చూసి నిశ్చింతగా ఉంటాడు. ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టర్ కాని అగ్రిమెంటు అందులో కనపడదు. బీరువాలో ఉన్న వీలునామా కనపడదు. కోర్టులో నడుస్తున్న దావా కనపడకపోవచ్చు. పత్రాలు ఊరికే బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు ఈసీలో లేకపోయినా, తనఖాలు నమోదయ్యే సెర్సాయ్ రికార్డులో ఉండొచ్చు. దాన్ని ఆన్‌లైన్‌లో వెతకడానికయ్యే ఖర్చు కాఫీ డబ్బులంత. ఇరవై కోట్లు పెట్టేవాళ్లు కూడా ఆ పని చేయకుండా అడ్వాన్సు ఇచ్చేస్తుంటారు.

తర్వాత లింకు డాక్యుమెంట్లు. సొసైటీ తన సభ్యుడికి రాసిచ్చిన తొలి సేల్‌డీడ్ దగ్గర్నుంచి నేటి యజమాని దాకా గొలుసు తెగకూడదు. ఈ ప్రాంతం చాలావరకు పాత షేక్‌పేట గ్రామం లెక్కల్లోది కాబట్టి, సర్వే నంబరు, టౌన్ సర్వే రికార్డు ఒకదానితో ఒకటి కలవాలి. సర్కారు భూమి పక్కన ఉన్న ప్లాటు అయితే నిషేధిత జాబితా చూడకుండా అడుగు వేయకూడదు. వెయ్యి గజాలు దాటిన పాత స్థలమైతే అర్బన్ ల్యాండ్ సీలింగ్ సంగతి అడగాలి. 1976 చట్టం ప్రకారం హైదరాబాదులో ఖాళీ స్థలానికి పరిమితి 1,000 చదరపు మీటర్లు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ చట్టం రద్దును అమల్లోకి తెచ్చింది గానీ, అంతకు ముందే మిగులు భూమిగా సర్కారు స్వాధీనం చేసుకున్నది తిరిగి రాలేదు. ఇక జీపీఏ మీద కొన్నామనేవాళ్లు కొందరు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో కుండబద్దలు కొట్టింది. 'మా జీపీఏ పాతదమ్మా, అప్పట్లో అందరూ అలాగే కొన్నారు' అంటారు. అందరూ అలాగే కొన్నమాట నిజమే, అందుకే ఆ ప్లాట్లు అందరివీ అలాగే ఉండిపోయాయి.

కాగితాలన్నీ సరిగా ఉన్నా మనుషులు సరిగా ఉండొద్దూ! రెండేళ్ల కిందటి ముచ్చట చెబుతాను, ఆ ఇంటివాళ్లెవరో తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చి. ఎనిమిది వందల గజాల్లో పాత డాబా ఇల్లు. గేటులో పారిజాతం చెట్టు, పెరట్లో కొట్టడానికి వీలుకాక వదిలేసిన ఏనుగంత బండ. పెద్దాయన పోయారు. వీలునామా రాయలేదు. కొడుకు డల్లాస్‌లో, పెద్దమ్మాయి మెల్‌బోర్న్‌లో, రెండో అమ్మాయి ఇక్కడే తల్లి దగ్గర. ఆయన సొంత సంపాదన కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా నాలుగు వాటాలు. ఆ మాట నేను చెప్పగానే ఫోన్ తెర మీద ఉన్న కొడుకు మొహం మారిపోయింది.

"అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేశాం కదమ్మా" అన్నాడు.

"నీ చదువుకు అమ్మిన గుంటూరు స్థలం లెక్క కూడా తీద్దామా తమ్ముడూ?" మెల్‌బోర్న్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటింది, ఆవిడ గొంతులో నిద్ర లేదు.

రెండో అమ్మాయి మాట్లాడలేదు. లేచి వెళ్లి తల్లికి రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు తెచ్చి చేతిలో పెట్టింది. పెద్దావిడ మాత్ర మింగి, గ్లాసు పక్కన పెట్టి, నా వైపు తిరిగి, "నాకు ఈ రోడ్డు వదిలి పోవాలని లేదమ్మా. మీ దగ్గర దానికేమన్నా కాగితం ఉందా?" అన్నది.

ఉంది. ఇల్లు అమ్మకుండా డెవలప్‌మెంటుకు ఇవ్వడం. ఈ కొండల మీద ఇప్పుడు జరుగుతున్న వ్యవహారాల్లో పెద్ద వాటా ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. స్థలం మీది, కట్టుబడి ఖర్చు బిల్డరుది. వచ్చిన ఫ్లాట్లను ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. సగం సగం అన్నది మామూలు లెక్క, స్థలం మంచిదైతే యజమానికి ఎక్కువ దక్కుతుంది. మీదుమిక్కిలి గుడ్‌విల్ అని కొంత సొమ్ము ముందే ఇస్తారు. అది తిరిగి ఇవ్వాల్సిన గుడ్‌విల్లా, ఇవ్వక్కర్లేనిదా అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి. కట్టే మూడేళ్లు మీరుండే ఇంటి అద్దె బిల్డరే కట్టాలి. ఆలస్యమైతే నెలకింత అని రాయించాలి. ఏ ఫ్లాటు ఎవరికి అన్నది ప్లాను మంజూరయ్యాక ఇంకో ఒప్పందంలో రాసుకుంటారు, గొడవలన్నీ అక్కడే. ఈశాన్యం ఫ్లాటు అందరికీ కావాలి.

హైదరాబాదులో 2006 నుంచీ ఎఫ్ఎస్ఐ పరిమితి లేదు. అంటే ఇంత స్థలానికి ఇన్ని అడుగులే కట్టాలన్న లెక్క లేదు. ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, రోడ్డు వెడల్పు, వీటిని బట్టే ఎంత కట్టొచ్చో తేలుతుంది. కాబట్టి రోడ్డు ముప్పై అడుగులా నలభై అడుగులా అన్న దాని మీద కోట్లు అటూ ఇటూ అవుతాయి. టేపు పెట్టి కొలిచాకే నేను నోరు విప్పుతాను. అపార్టుమెంటు కట్టేటప్పుడు బిల్టప్ ఏరియాలో 10 శాతం జీహెచ్ఎంసీకి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. తనఖాలో ఉన్న ఫ్లాటునే చవగ్గా వస్తోందని కొనేసిన మహానుభావులున్నారు. కొత్త ఫ్లాటు కొనేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందు కొంటే ఈ ఖరీదైన ఫ్లాట్లకు 5 శాతం జీఎస్టీ పడుతుంది, వచ్చాక కొంటే పడదు.

ఆ ఇంటి ఒప్పందం అయింది. కొడుకు, పెద్దమ్మాయి చెరో దేశంలో మన కాన్సులేట్‌లో సంతకాలు పెట్టి పవర్ ఆఫ్ అటార్నీ పంపారు. అలా విదేశం నుంచి వచ్చిన పవర్‌ను ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. గడువు దాటిస్తే మళ్లీ మొదటికొస్తుంది. పెరట్లో బండను పగలగొట్టడానికి మెషీన్లు నెలల తరబడి మోగాయి, పక్కింటి రిటైర్డు జడ్జిగారు రోజూ ఫోన్ చేసి తిట్టేవారు. బిల్డర్‌ను కాదు, నన్ను.

బండల సంగతి వచ్చింది కాబట్టి వాస్తు కూడా చెప్పాలి. చదును నేల మీద వాస్తు వేరు, కొండ మీద వాస్తు వేరు. తూర్పు, ఉత్తరం పల్లంగా, పడమర, దక్షిణం మెరకగా ఉంటే మంచిదంటారు. కొండకు ఆ సంగతి తెలీదు కదా. అందుకని ఇక్కడ చాలా ప్లాట్లు పడమటికి జారుతుంటాయి. ముందు నుంచి చూస్తే రెండంతస్తులు, వెనక నుంచి చూస్తే నాలుగు. మన తెలుగు పార్టీలు దిక్సూచి పట్టుకున్న సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చి, వీధిపోటు ఏ మూల తగులుతోంది, నైరుతి ఎంత పెరిగింది అని చూసి, 'పడమర పల్లం' అనగానే కారెక్కేస్తారు. ఆ ప్లాటు నెలల తరబడి అలా ఉండి, చివరికి ఆ పట్టింపు లేనివాళ్లెవరో గజానికి పదీ పదిహేను వేలు తగ్గించి కొనుక్కుంటారు. పడమర బాల్కనీలోంచి వాళ్లు చూసే సూర్యాస్తమయం మాత్రం ఈ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు. నాకు వాస్తు మీద నమ్మకం ఉందా అని అడుగుతుంటారు. నా ఇల్లు తూర్పు ముఖమే. అమ్ముకోవాల్సి వస్తుందేమోనని.

ఆషాఢం, శూన్యమాసం, మూఢం, ఈ మూడూ మాకు సెలవులు. అడ్వాన్సు ఇచ్చేవాడు ఉండడు, గృహప్రవేశం చేసేవాడు ఉండడు. ఆ రోజుల్లో పాత ఫైళ్లు చదువుకుంటాను. శ్రావణం రాగానే ఒకే ముహూర్తానికి అందరూ రిజిస్ట్రేషన్ కావాలంటారు. స్లాటు దొరకదు. దొరికితే సర్వర్ ఉండదు. ఆ రోజు పట్టుచీరలు కట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న కోటీశ్వరులకు మంచినీళ్ల సీసాలు అందించడం కూడా మా వృత్తిలో భాగమే.

ఇక డబ్బు. జూబ్లీహిల్స్ లోపలి రోడ్లలో మంచి ప్లాటు గజం రెండు లక్షల పైమాటే. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. పది కోట్ల పత్రానికి 75 లక్షలు. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు ఈ లెక్క విని, ఆ 75 లక్షలతో మా అన్నయ్య ఊళ్లో మేడ కట్టాడని వాపోతారు. ఆస్తి విలువ 50 లక్షలకు తగ్గకుండా ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్ఆర్ఐ అయితే ఒక శాతంతో సరిపోదు, చాలా ఎక్కువ పట్టాలి. ఆ సంగతి తెలీని కొనుగోలుదారుడికి తర్వాత నోటీసు వస్తుంది. అమ్మేవాళ్లు ముందుగా ఆదాయ పన్ను శాఖకు దరఖాస్తు చేసుకుని తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అమెరికా నుంచి ఫోన్ చేసేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

అమ్మినవాళ్లకు లాభం మీద పన్ను. రెండేళ్లు దాటి చేతిలో ఉన్న ఇంటికి ఇప్పుడు 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్నదైతే, ఇక్కడే ఉంటున్న వ్యక్తులకు పాత పద్ధతిలో ద్రవ్యోల్బణం తీసేసి 20 శాతం కట్టే వీలు కూడా ఉంది, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఎప్పుడో కొన్న ఇళ్లకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు. అందుకే మా పేటలో పాత విలువలు కట్టే వాల్యూయర్లకు చేతినిండా పని. మళ్లీ ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది గానీ, 2023 బడ్జెట్‌తో దానికి 10 కోట్లు అని గీత గీశారు. దేశంలో చాలామందికి ఆ గీత పట్టింపే లేదు. నా పార్టీలకు మాత్రం నిద్ర లేదు.

'ఎంత వైటు, ఎంత బ్లాకు?' అన్నది మీరంతా అడగాలనుకుంటున్న ప్రశ్న. ఆస్తి బేరంలో 20 వేలు, ఆపైన సొమ్మును నగదుగా తీసుకోకూడదని చట్టం. అంతా దాన్ని పాటిస్తున్నారని చెబితే నమ్మేవాళ్లెవరూ లేరు. నగదు సంచుల బేరాలకు నన్ను పిలవరు. నేనొస్తే ప్రతి రూపాయీ అగ్రిమెంటులో రాయమంటానని తెలుసు. దానివల్ల కొన్ని బేరాలు పోయాయి. బ్యాంకు అప్పుతో కొనే డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల పెద్దలు దానివల్లే వచ్చారు.

అద్దెల పని చిన్నదనుకుంటారు గానీ, ఇంటి కష్టసుఖాలు తెలిసేది అక్కడే. కుళాయి తిప్పి చూడమంటాను, కుళాయి నీళ్లు ఏ రోజు ఎంతసేపు వస్తాయో వాచ్‌మన్‌ను అడగమంటాను. కొండ మీద బోర్లు ఏప్రిల్‌కల్లా ఎండుతాయి, ఆపైన ట్యాంకర్లే దిక్కు. లక్షన్నర అద్దె ఇచ్చే ఫ్లాటులో బకెట్ నీళ్లతో స్నానం చేసిన కుటుంబాలు నాకు తెలుసు. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, రిజిస్ట్రేషన్ బాదరబందీ ఉండదని. అద్దె నెలకు 50 వేలు దాటితే అద్దెకున్నవాళ్లు 2 శాతం టీడీఎస్ పట్టాలి, యజమాని విదేశంలో ఉంటే ఇంకా చాలా ఎక్కువ.

ఈ పనిలో నాకు నచ్చని భాగం కూడా ఇక్కడే ఉంది. 'ఫ్యామిలీకే, వెజిటేరియన్స్‌కే' అనే మాట వెనకాల ఇంకో మాట ఉంటుంది. ఫోన్‌లో పేరు అడుగుతారు, పేరు చెప్పగానే ఇల్లు అప్పుడే అయిపోయిందంటారు. ఓ పెద్ద ఆసుపత్రిలో పనిచేసే గుండె డాక్టరు, ముస్లిం ఆయన, భార్యా ఇద్దరు పిల్లలతో ఇల్లు చూడ్డానికొస్తే ఇలాగే జరిగింది. ఆ యజమానికి ఆ ఆసుపత్రిలోనే స్టెంట్ వేశారు. నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ ఇంటికి ఇక అద్దెకు మనుషుల్ని తీసుకురానని చెప్పి వచ్చేశాను. డాక్టరుగారికి రోడ్ నంబర్ 12 వైపు ఇల్లు దొరికింది.

ఇప్పుడు గాలి మారింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికాక, మా పాత యజమానుల పిల్లలు అటు చూస్తున్నారు. నలభై అంతస్తుల మీద ఈతకొలను, జిమ్ము, వాచ్‌మన్‌తో పేచీ లేని బతుకు. వెయ్యి గజాల బంగళా అంటే తోటమాలి, పంపు రిపేరు, పైకప్పు నెమ్ము, కోతులు. ఇటు నుంచి వాళ్లు దిగుతుంటే జిల్లాల్లో డబ్బు చేసుకున్న కాంట్రాక్టర్లు, ఆసుపత్రుల యజమానులు, ఫార్మావాళ్లు ఎక్కుతున్నారు. వాళ్లకు జూబ్లీహిల్స్ పేరు కావాలి. పిల్లల పెళ్లి కార్డు మీద ఆ అడ్రసు ఉండాలి.

రెరా గురించి రెండు మాటలు. 2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. మన దగ్గర వ్యక్తులకు ఫీజు 10 వేలు, ఐదేళ్లు చెల్లుతుంది. నమోదు లేకుండా అమ్మితే రోజుకు 10 వేల చొప్పున జరిమానా. 500 చదరపు మీటర్ల స్థలంలోపు, 8 ఫ్లాట్లలోపు ఉండే చిన్న కట్టడాలూ, పాత ఇళ్ల అమ్మకాలూ దాని కిందికి రావు. మా కొండల మీద బేరాలు ఎక్కువగా అవే. అందుకే ఇక్కడ సర్టిఫికెట్ ఉన్నవాళ్లతో పాటు, ఫోనూ బుల్లెట్ బండీ తప్ప ఇంకేమీ లేనివాళ్లూ తిరుగుతుంటారు. వాట్సాప్‌లో 'వెయ్యి గజాలు, ఈస్ట్ ఫేసింగ్, డైరెక్ట్ పార్టీ' అని మెసేజ్ వస్తుంది. డైరెక్ట్ అన్నవాడి వెనకాల ఇంకొకడు, వాడి వెనకాల మరొకడు. గొలుసు చివర చూస్తే ఆ ఇల్లు నాదే, అంటే నేను అమ్ముతున్నదే. నా ఇంటినే నాకు అమ్మజూపినవాళ్లు ఉన్నారు.

కమీషన్ అమ్మకంలో ఒక శాతం, కొందరు రెండు అడుగుతారు. అద్దెకైతే ఒక నెల అద్దె. ఇరవై కోట్ల ఇంటికి ఒక శాతమంటే ఇరవై లక్షలు, నిజమే, మంచి సొమ్ము. అందులో పన్ను పోతుంది, కబురు చెప్పినవాళ్ల వాటా పోతుంది, తెగని బేరాల పెట్రోలు పోతుంది. బేరం కుదిరే దాకా 'అమ్మా, మీరు లేకపోతే ఎలా' అన్నవాళ్లే రిజిస్ట్రేషన్ రోజు దగ్గర పడేసరికి 'ఒక శాతం ఏంటమ్మా, లమ్‌సమ్‌గా ఏదో చూసుకుందాం' అంటారు. కోట్లున్నవాళ్లు ఇంత బేరమాడతారా అని మా కుర్రాడు ఆశ్చర్యపోతుంటాడు. బేరమాడటం తెలుసు కాబట్టే కోట్లున్నాయని వాడికి చెప్పాను. ఇప్పుడు ఇల్లు చూపించక ముందే కమీషన్ లెటర్ మీద సంతకం తీసుకుంటున్నాం, అమ్మే పార్టీ దగ్గరా, కొనే పార్టీ దగ్గరా. పెట్టనన్నవాళ్లను కాఫీ ఇచ్చి పంపిస్తాం.